ఖాళీ అని రాసిన తొమ్మిది ఇళ్ళు

1964 ఫిబ్రవరి పదో తేదీ, సోమవారం. జక్కయ్య మాస్టారు హాజరు పట్టీ తీసి పేర్లు పిలిస్తే ముప్పై ఎనిమిది మందిలో పదిహేను మంది పలకలేదు. పలకని ప్రతి పేరు దగ్గరా గైరుహాజరు గుర్తు పెట్టి, దాని కింద చిన్న అక్షరాలతో 'కోత' అని రాసుకున్నాడు. అమ్మానాన్నల వెంట సత్తెనపల్లి వైపు మిరపకోతలకు పోయిన పిల్లలు వాళ్ళు. మార్చి నెలాఖరుకు గాని తిరిగిరారు. అలా రాసుకొమ్మని ఆయనకు ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేదు. రాసుకోకపోతే రెండు నెలలుగా బడికి రాని పిల్లల పేర్లు కొట్టేయాల్సి వస్తుంది. కొట్టేస్తే మళ్ళీ చేర్చుకోవడం ఇంకో తలనొప్పి. అందుకని ఆయనే కనిపెట్టిన పద్ధతి అది.

ఏటిగడ్డ కృష్ణ ఒడ్డున, మాచెర్లకు పన్నెండు మైళ్ళ దూరంలో ఉంది. దిగువన సాగర్ ఆనకట్ట లేస్తోంది. నీళ్ళు నిలిచిన ఏడు ఏటిగడ్డ ఉండదు. ఊళ్ళోవాళ్ళకి మాచెర్ల రోడ్డు పక్కన కొత్త ఊరు కొలిచి, ఇళ్ళస్థలాలకు రాళ్ళు పాతారు. ఆనకట్టకు శంకుస్థాపన జరగక ముందు నుంచీ ఊళ్ళో కాపురం ఉన్న కుటుంబానికి ఒక స్థలం. ఆ కాపురానికి రుజువు 1951 జనాభా లెక్కల పుస్తకం. స్థలం ఎవరికొస్తుందో, ఎవరికి రాదో రాసిన జాబితాను కిందటి వారమే చావిడి గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే మార్చి ముప్పై ఒకటి లోపు చెప్పుకోవాలి.

జక్కయ్యది రెంటచింతల. ముప్పై తొమ్మిదిలో మిషను బడికి మాస్టరుగా వచ్చి, ఏటిగడ్డ పల్లెలోనే ఉండిపోయాడు. ఊరికి తూర్పున ఉన్న పల్లెలో అందరూ క్రైస్తవ కూలీలే. వాళ్ళ ఉత్తరాలు, అర్జీలు, పెళ్ళి కబుర్లు అన్నీ పాతికేళ్ళుగా ఆయన చేతి మీదుగానే పోతున్నాయి. ఆయన అక్షరాలు చింతగింజలు పేర్చినట్టు గుండ్రంగా ఉంటాయి. ఆ రాత చూసే యాభై ఒకటిలో పల్లె జనాభా లెక్క రాసే పని ఆయనకు అప్పగించారు.

ఆ సోమవారం బడి వదిలే వేళకి వరండాలో ఒక మనిషి నిలబడి ఉంది. ఆరోగ్యమ్మ. ఇరవై ఆరేళ్ళుంటాయి. మొగుడు శౌరి రెండేళ్ళ కిందట నాపరాళ్ళ గనిలో రాయి జారి మీద పడి పోయాడు. ఇద్దరు పిల్లలు.

"నువ్వు కోతకు పోలా?" అన్నాడు జక్కయ్య.

"ఎట్టా పోతాను పంతులుగారూ, ఇది తేలకుండా?" అని కొంగు ముడి విప్పి మడత కాగితం ఇచ్చింది. "స్థలాల గుమాస్తా చదివిందే మళ్ళీ చదువుతున్నాడు గానీ నాకు తలకెక్కలా. మీరు చెప్పండి."

జక్కయ్య చదివాడు. ఇంటి నంబరు 41. ఖాళీ. 1951 నాటికి నివాసులు లేరు. స్థలానికి అర్హత లేదు.

"ఇది మీ అత్తామామల ఇల్లేనా?"

"నంబర్లు నాకేం తెల్సు? తలుపు మీద తారుతో రాసింది మీరేనంట గదా."

నిజమే. ఆయనే రాశాడు. తలుపు పాతబడినా ఆ నాలుగూ ఒకటీ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఆరోగ్యమ్మ చిక్కు వేరు. ఆమె ఈ ఊరికి కోడలిగా వచ్చింది యాభై ఆరులో, అంటే శంకుస్థాపన అయిన మరుసటేడు. మామ ఇశ్రాయేలు, అత్త ఎలిజబెత్ యాభై మూడు కలరాలో పది రోజుల తేడాతో పోయారు. యాభై ఏడు ఓటర్ల జాబితా నాటికి శౌరికి ఓటు వయసు రాలేదు. ఆ తరవాతి జాబితాలో ఉన్నాడు గాని, అది చెల్లదన్నారు. గుడి రిజిస్టరులో అందరి జ్ఞానస్నానాలూ ఉన్నాయి. ఫాదరు గారు నకలు కూడా ఇచ్చారు. అందులో పేర్లున్నాయి, ఇల్లు లేదు అని గుమాస్తా తిప్పి పంపాడు. ఇక ఆ కుటుంబం ఈ ఊళ్ళో బతికిందని చెప్పాల్సింది యాభై ఒకటి పుస్తకం ఒక్కటే. అది ఖాళీ అంటోంది.

"ఊరంతా కొత్త ఊరికి పోతే నేను ఈ పిల్లల్ని ఏసుకుని యాడ గుడిసె ఏసుకోను? పుట్టింటికి పోదామంటే అమ్మా లేదు, నాయనా లేడు" అంది. ఏడవలేదు. కాగితం మళ్ళీ మడిచి ముడి వేసుకుంది.

మర్నాడు జక్కయ్య చావిడికి పోయి పాత పుస్తకం తీయించాడు. పేజీ తిప్పగానే తన రాత తనకు ఎదురొచ్చింది. ముప్పై మూడో నంబరు నుంచి యాభయ్యో నంబరు వరకు పల్లె ఇళ్ళు. అందులో తొమ్మిదింటి పక్కన, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా 'ఖాళీ' అని ఉంది.

ఆ రోజు ఆయనకు బాగానే గుర్తుంది. అదీ ఫిబ్రవరే. పల్లెలో సగం తలుపులకు తుమ్మకంప అడ్డం పెట్టి ఉంది. కోతలకు పోయేవాళ్ళు తలుపు దగ్గరికి లాగి, కంప ఆనించి, దాని మీద ఒక రాయి పెట్టి పోతారు. కంప పెట్టారంటే మళ్ళీ వస్తారని అర్థం. కుక్కా మేకా దూరవు, మనుషులు ముట్టుకోరు. పల్లెలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి.

లెక్క రాసేవాళ్ళకు గురజాలలో రెండు రోజులు తరిఫీదు ఇచ్చారు. ఇంట్లో మనుషులుండీ పొరుగూరు పోయి ఉంటే 'తాళం' అని రాయాలి. ఎవరూ కాపురం లేని ఇల్లయితే 'ఖాళీ' అని రాయాలి. మూడో మాట రాయడానికి వీల్లేదన్నారు. ఊరు వదిలిపోయినవాళ్ళని వాళ్ళున్న చోటే రాస్తారు, మీరు రాస్తే రెండుసార్లవుతుంది అని కూడా చెప్పారు. జక్కయ్య కంప ముందు నిలబడి ఆలోచించాడు. తాళం అని రాద్దామంటే తలుపుకు తాళం లేదు. పల్లెలో ఏ తలుపుకూ గొళ్ళెమే లేదు. లేని తాళాన్ని ఉందని రాయడం తప్పని తోచింది. మిగిలింది రెండో మాట. అదే రాశాడు. మార్చి మొదటి మూడు రోజుల్లో మళ్ళీ తిరిగి సరిచూడమన్నారు. ఊళ్ళో తిరిగాడు గాని పల్లెలోకి పోలేదు. తనవాళ్ళే కదా, తెలియనివాళ్ళా అనుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని భార్య గ్రేసమ్మకు చెప్పాడు.

"ఎవరో పై ఊరాయన రాశాడని చెప్పరాదా?" అంది, వడ్డిస్తూనే.

"పుస్తకంలో నా రాత ఉంది."

"ఉండదా మరి? నా రాత నా రాత అని పాతికేళ్ళు ఊరంతా చెప్పుకున్నావు. ఇప్పుడు నాది కాదంటే ఎవడు నమ్ముతాడు? గోంగూర ఏసుకో."

ఖాళీ అని రాసిన ఇళ్ళవాళ్ళు ఆకాశంలో లేరు. ఆ ఏడు మిరపకాయలు ఆరబోసే ఏదో ఒక కల్లంలో ఉన్నారు. ఆ కల్లం ఉన్న ఊళ్ళో లెక్క రాసినవాడు వాళ్ళని రాసే ఉండాలి. ఆ ఊరు ఏదన్నదే తేలాలి. సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప వేసే ఊళ్ళు యాభైకి తక్కువ ఉండవు. కోతకూలీల ముఠా ఏటా ఒకే ఊరికి పోదు. ఆసామి పిలిచిన చోటికి పోతుంది.

ఆ సాయంత్రమే ఆరోగ్యమ్మను వెంటబెట్టుకుని పుల్లమ్మ ఇంటికి పోయాడు. పుల్లమ్మ ఇరవై ఏళ్ళు పల్లె ముఠాకు పెద్ద. మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళుగా పోవడం మానేసింది. గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది.

"పుల్లమ్మా, యాభై ఒకటిలో కోతకు యాడికి పోయారు?"

"యాభై ఒకటంటే ఎప్పుడు పంతులా? నాకు ఏళ్ళు చెప్తే ఏం తెల్సుద్ది? ఆ ఏడు ఏం జరిగిందో చెప్పు."

"జనాభా లెక్కలు రాసిన ఏడు. కలరాకు రెండేళ్ళ ముందు."

పుల్లమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "లెక్కల కుర్రోడు కల్లంలోకొచ్చిన ఏడా? ఆ ఏడే గదా ఎలిజబెత్తు కాన్పయ్యింది!"

ఆరోగ్యమ్మ ముందుకు వంగింది. "మా అత్తకా? మా ఆయన ఒక్కడే గదా పెద్దమ్మా?"

"ఒక్కడెట్టాగే? ఆడపిల్ల పుట్టింది. కల్లంలోనే, నా చేతుల్లోనే. చుట్టూ కాయల రాసులు. ఆ ఘాటుకి పిల్ల పుట్టీ పుట్టగానే ఏడవలా, తుమ్మింది. ముందు తుమ్మి, అప్పుడేడ్చింది! ఆసామితో సహా అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. లెక్కలోడొచ్చి పిల్ల పేరేందంటే, తుమ్ము అని రాసుకోరా అన్నా. ఆడు రాయలా."

"ఆ పిల్లేమైంది?"

"మామిడికాయలొచ్చేదాకా ఉంది. అంతే." పుల్లమ్మ చుట్ట మళ్ళీ పెట్టుకుంది. "శౌరిగాడు చెప్పలా నీకు? ఆడే గదా ఎత్తుకు తిరిగింది."

ఆరోగ్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆసామెవరు?" అన్నాడు జక్కయ్య.

"బసవపున్నయ్య. గోరంట్లవారిపాలెం. సత్తెనపల్లిలో రైలు దిగి నాలుగు మైళ్ళు నడవాల. ఇంతకీ ఎందుకిదంతా?"

జక్కయ్య చెప్పక తప్పలేదు. తొమ్మిది ఇళ్ళ నంబర్లు చదివాడు. అందులో ముప్పై ఎనిమిది పుల్లమ్మది.

"నేను ఖాళీయా?" అంది పుల్లమ్మ. ఆమె మనిషి ఏపుగా ఉంటుంది. గుమ్మం సరిగ్గా నిండిపోయింది. "ఒసే ఆరోగ్యం, నన్ను చూసి చెప్పవే, ఖాళీగా ఉన్నానా? పంతులా, పిల్లలకి లెక్కలు కూడా ఇట్టాగే చెప్తన్నావా?"

"తాళం లేదు గదా అని..."

"తాళం పెట్టడానికి లోపలేముంది? రెండు కుండలు. కంప కనపళ్ళా నీకు?"

"కనపడింది."

"కనపడీ రాశావు" అంది పుల్లమ్మ. ఆ మాట జక్కయ్యకు తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

శనివారం పొద్దున ముగ్గురూ మాచెర్లలో గుంటూరు పాసింజరు ఎక్కారు. ఆరోగ్యమ్మ పిల్లల్ని గ్రేసమ్మ దగ్గర వదిలింది. పుల్లమ్మ మోకాళ్ళ మాట ఎత్తకుండా వచ్చింది. తన సంగతి కూడా అందులో ఉందిగా. సత్తెనపల్లి నుంచి నడిచినంత దూరం రెండు పక్కలా కల్లాలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. జక్కయ్య రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

బసవపున్నయ్యకు అరవై దాటాయి. కల్లం అంచున నులకమంచం మీద కూర్చుని రంగు తేలిన తాలుకాయలు ఏరిస్తున్నాడు. పుల్లమ్మను చూసి లేచి నిలబడ్డాడు.

"ఓర్ని! పుల్లమ్మా, ఇంకా ఉన్నావటే!"

"నువ్వుండగా నేనెట్టా పోతానయ్యా? పెద్దోడివి, ముందు నువ్వు దారి చూపియ్యాల."

ఆయన నవ్వి మజ్జిగ తెప్పించాడు. విషయం చెప్పబోతే సగంలోనే అందుకున్నాడు. "తుమ్మిన పిల్ల! మా ఆవిడ ఇప్పటికీ చెప్పుద్ది. మా ఇంట్లో పాత చీర చింపి చుట్టాం గదా." ఆరోగ్యమ్మను చూసి, "ఈ అమ్మాయి ఆ పిల్లకి అక్కా?" అన్నాడు.

"కాదయ్యా, ఆ పిల్ల లేదు. ఈ పిల్ల ఇశ్రాయేలు కోడలు."

"ఇశ్రాయేలా... బస్తా ఒంటిచేత్తో లేపేవాడు. పోయాడా?" అన్నాడు. తరవాత చెప్పులేసుకుని తనే కరణం ఇంటికి తీసుకుపోయాడు.

కరణం నరసింహారావు మంచివాడే గాని ఓపిక తక్కువ. పదమూడేళ్ళ నాటి పుస్తకం అటక మీంచి దింపించి, దుమ్ము దులిపి, బసవపున్నయ్య ఇంటి నంబరు తీశాడు. పదకొండు పేర్లు. అన్నీ ఆయన ఇంటివాళ్ళవే. అటు పది ఇళ్ళు, ఇటు పది ఇళ్ళు వేలు పెట్టి చూశాడు.

"లేరమ్మా. ఏటిగడ్డ అన్న మాటే లేదు" అని మూయబోయాడు.

ఆరోగ్యమ్మ జక్కయ్య వంక చూసింది. జక్కయ్య పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "కరణంగారూ, ఒక్క మాట. కల్లంలో పడుకున్నవాళ్ళకి ఇంటి నంబరుండదు గదండీ. ఇంటి వరసలో ఎట్టా రాస్తారు? చివరి కాగితాలు తిప్పండి."

"చివర బిచ్చగాళ్ళు, సంచారాలవాళ్ళు ఉంటారయ్యా. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు."

"లెక్క రాసిన రోజుకి వీళ్ళకీ లేవు గదండీ."

కరణం ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, పుస్తకం వెనక్కి తిప్పాడు. కుట్టు ఊడిన నాలుగు కాగితాలు. మొదటిదాంట్లో ఎరుకలవాళ్ళు, ఇద్దరు సాధువులు. మూడోదాంట్లో పై వరస నుంచే మొదలైంది. బసవపున్నయ్య కల్లం, తాటాకు పాక. ఇశ్రాయేలు, ముప్పై ఎనిమిది, పుట్టిన ఊరు ఏటిగడ్డ, కూలి. భార్య ఎలిజబెత్, ముప్పై రెండు. కొడుకు శౌరి, పద్నాలుగు. కూతురు, అయిదు రోజులు, పేరు పెట్టలేదు.

జక్కయ్య పైకి చదివాడు. ఆరోగ్యమ్మ, "మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివాడు. ఆమె చూపుడువేలు కాగితానికి తగలకుండా ఆ వరస మీద ఆగింది. "ఇదేనా ఆయన పేరు?" అని అడిగింది. అవునన్నాడు. పక్కనుంచి పుల్లమ్మ, "నేనున్నానా, నేను?" అంటోంది. ఉంది. నాలుగు వరసల కింద, ముఠా పెద్ద అన్న మాటతో సహా. ఆ కుర్రవాడెవరో ఒళ్ళు దాచుకోకుండా రాశాడు. ఎండలో కల్లంలోకి పోయి, తుమ్ముతూ, ఒక్కొక్కరినీ అడిగి రాశాడు. జక్కయ్య ఆ రాతను కాసేపు చూస్తూ కూర్చున్నాడు. అక్షరాలు ఏమంత బాగాలేవు.

మొహరు వేసిన నకలు రావడానికి నెల పట్టింది. మార్చి ఇరవై మూడున, సోమవారం, ఆరోగ్యమ్మా ఆయనా మాచెర్లలో స్థలాల అధికారి క్యాంపుకు పోయారు. గుమాస్తా నకలు చూసి పెదవి విరిచాడు.

"వీళ్ళు గోరంట్లవారిపాలెంలో ఉన్నట్టు ఇది రుజువు. పుట్టిన ఊరు ఏటిగడ్డ అయితే ఏమైంది? అక్కడ ఇల్లున్నట్టు లేదే. ఉందన్న ఇల్లేమో ఖాళీ."

జక్కయ్య జేబులోంచి రెండో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అధికారి అందుకుని చదివాడు. ఎనిమిది వరసలే.

ఏటిగడ్డ పల్లె లెక్క రాసింది నేను. ఇంటి నంబరు 41 తలుపుకు తాళం లేదు, కంప అడ్డం ఉంది. కంప పెట్టిన ఇంటివాళ్ళు కోతకు పోయారని, తిరిగొస్తారని నాకు తెలుసు. తెలిసి కూడా తాళం అన్న మాటకు బదులు ఖాళీ అని రాశాను. మళ్ళీ పోయి సరిచూడాల్సి ఉండగా పోలేదు. నంబరు 33, 35, 38, 39, 42, 44, 47, 50 విషయంలోనూ ఇంతే. తప్పు నాది. పి. జక్కయ్య, మాస్టరు.

అధికారి అద్దాలు తీశాడు. "మాస్టారూ, రిటైరవడానికి ఎన్నాళ్ళుంది?"

"ఏడాదిన్నర."

"ఇది ఫైలులో పెడితే పైనుంచి మీకు మెమో వస్తుంది. సంజాయిషీ రాసుకోవాలి. నోటితో చెప్పారనుకుని నేనేదైనా చూస్తాను, ఇది తీసుకుపోండి."

"నోటిమాట చాలదనే గదండీ ఈమెని నెలన్నర తిప్పారు" అన్నాడు జక్కయ్య. మెల్లగానే అన్నాడు. గుమాస్తా కిటికీ వైపు చూశాడు.

అధికారి రెండు కాగితాలూ కలిపి గుచ్చి, జాబితాలో నలభై ఒకటి ఎదుట ఉన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. కొత్త ఊరి పటం పరిచి, ఇంకా ఎవరికీ ఇవ్వని గళ్ళు చూపించి ఏది కావాలో చెప్పమన్నాడు. ఆరోగ్యమ్మకు పటం అర్థం కాలేదు. "బడి ఏ పక్కన వస్తది?" అని అడిగింది. ఆయన చూపించాడు. "దానికి దగ్గర్లో ఇయ్యండి" అంది. స్థలం నంబరు నూట పన్నెండు.

బయటికొచ్చాక చీటీ కొంగున ముడి వేసుకుంటూ, "పంతులుగారూ, ఈసారి తలుపు మీద నంబరు నేనే రాసుకుంటాలే. మీరు పక్కనుండి ఎట్టా రాయాలో చెప్పండి, చాలు" అంది.

జక్కయ్య నవ్వాడు. నెల తరవాత మొదటిసారి.

ఆయన జేబులో ఇంకో చీటీ ఉంది. ఖాళీ అని రాసిన తొమ్మిది ఇళ్ళలో ఆరు ఇళ్ళవాళ్ళు ఆ కల్లం కాగితంలో దొరికారు. ఆరోగ్యమ్మది పోను మిగిలిన అయిదు ఇళ్ళకీ ఆ నకలే సరిపోతుందని అధికారి ఒప్పుకున్నాడు. ముప్పై మూడు, నలభై ఏడు, యాభై నంబర్లవాళ్ళు ఆ ఏడు పుల్లమ్మ ముఠాలో లేరు. ఫిరంగిపురం వైపు పోయారని ఆమె అంటోంది. ఏ ఊరో తెలియదు. అటు పోయిన ముఠాకు పెద్దగా ఉన్నతను చనిపోయి ఆరేళ్ళయింది. అతని చెల్లెలు రొంపిచెర్లలో ఉందట. గుర్తుంటే ఆమెకే ఉండాలి.

జక్కయ్య బడికి రెండు రోజులు సెలవు చీటీ రాసి ఆరోగ్యమ్మ చేతికిచ్చి, రొంపిచెర్ల పోవడానికి మధ్యాహ్నం నరసరావుపేట బస్సెక్కాడు. గడువుకు ఎనిమిది రోజులుంది. తేలాల్సిన ఇళ్ళు మూడు.